బ్యాట్‌మన్ యానిమేటెడ్ సిరీస్‌ను డిస్కుల మీద మళ్ళీ చూడటం ఎలా: సమగ్ర మార్గదర్శి

1992 సెప్టెంబర్ 5న అమెరికాలో ఫాక్స్ సంస్థ పిల్లల కార్యక్రమాల్లో భాగంగా మొదలైన ‘బ్యాట్‌మన్: ది యానిమేటెడ్ సిరీస్’ మొత్తం 85 ఎపిసోడ్ల ధారావాహిక. ఒక్కో ఎపిసోడ్ సుమారు 22 నిమిషాలు కాబట్టి, అన్నీ చూడటానికి 31 గంటలకు పైగా పడుతుంది. బ్రూస్ టిమ్, ఎరిక్ రాడోమ్‌స్కీ వార్నర్ సంస్థ కోసం దీన్ని రూపొందించారు. చిన్నప్పుడు దీన్ని టీవీలో చూసినవారిలో చాలామందికి ఇప్పుడు స్కూలుకు వెళ్ళే పిల్లలున్నారు. వాళ్ళకు చూపించాలని, తామూ మరొకసారి తీరిగ్గా చూడాలని అనుకునేవారి కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను.

ఈ సిరీస్ చేత్తో గీసి, చేత్తో రంగులు వేసి, ఫిల్మ్ మీద చిత్రీకరించిన పని. ఆనాటి టీవీ ప్రసారంలో ఆ పనితనం సగమే కనిపించేది. నేటి పెద్ద టీవీలు దాన్ని పూర్తిగా చూపించగలవు, కానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సెట్టింగులతో నడిపితే అవే దాన్ని పాడుచేస్తాయి. అందువల్ల ఏ డిస్కు కొనాలి, దాన్ని ఎలా అమర్చుకోవాలి అన్న విషయాలకు ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను.

మొదటి మెట్టు: ఏ సెట్ ఎంచుకోవాలి

ఈ సిరీస్ డిస్కులుగా ప్రధానంగా రెండు విడతల్లో వచ్చింది. 2004, 2005 సంవత్సరాల్లో నాలుగు డీవీడీ సంపుటాలు వెలువడ్డాయి. మొదటి రెండింటిలో 28 చొప్పున, మూడోదానిలో 29 ఎపిసోడ్లు ఉంటాయి. నాలుగో సంపుటం ఈ సిరీస్‌ది కాదు. 1997లో మొదలైన ‘ది న్యూ బ్యాట్‌మన్ అడ్వెంచర్స్’ అనే కొనసాగింపుకు చెందిన 24 ఎపిసోడ్లది. తరువాత 2018 అక్టోబర్‌లో ఈ 109 ఎపిసోడ్లనూ, ‘మాస్క్ ఆఫ్ ది ఫాంటాజమ్’, ‘సబ్‌జీరో’ అనే రెండు సినిమాలనూ కలిపి, డీవీడీ కంటే స్పష్టమైన బొమ్మ ఇచ్చే బ్లూ-రే డిస్కుల సెట్‌గా విడుదల చేశారు. ఇందుకోసం అసలు 35 మి.మీ. ఫిల్మ్ నుంచి బొమ్మను కొత్తగా పునరుద్ధరించారు.

బ్లూ-రే ప్లేయర్ ఉన్నవారు, లేదా కొనగలిగినవారు, రెండో ఆలోచన లేకుండా బ్లూ-రేనే తీసుకోవాలి. డీవీడీలో బ్యాట్‌మన్ ఉండే గోతం నగరపు చీకటి భవనాలు మసకగా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. బ్లూ-రేలో కుంచె గీతలు సైతం కనిపిస్తాయి. ఇప్పటికే ఇంట్లో డీవీడీలు ఉంటే వాటినీ దాచుకోండి, కొన్ని ఎపిసోడ్లకు రూపకర్తలు చెప్పిన వ్యాఖ్యానాలు వాటిలో ఉన్నాయి. 2018 నాటి పరిమిత ముద్రణ సెట్‌లో చిన్న బొమ్మలు, కార్డులు కూడా ఉండటంతో పాతవస్తువులు అమ్మేచోట దాని ధర బాగా పెంచి చెబుతారు. సేకరించే అలవాటు ఉన్నవారి సంగతి వేరు. చూడటమే ఉద్దేశమైతే తరువాత వచ్చిన మామూలు సెట్ సరిపోతుంది.

వాడిన సెట్ కొనేటప్పుడు పెట్టె ఫోటోతో తృప్తి పడకుండా, ప్రతి డిస్కు అడుగు భాగం ఫోటో పంపమని అడగండి. సంస్థ ముద్రించిన డీవీడీ అడుగున వెండి రంగులో మెరుస్తుంది. ఊదా ఛాయ కనిపిస్తే అది కంప్యూటర్‌లో రాసిన నకలు అని అర్థం.

రెండో మెట్టు: రీజియన్, ప్లేయర్, కరెంటు

ఇది తెలుగు కుటుంబాలకు నిజంగా ఎదురయ్యే సమస్య. అమెరికాలో ఉన్న అన్నయ్యో వదినో సెలవులకు వస్తూ డిస్కుల సెట్ తెస్తారు. ఇక్కడి ప్లేయర్‌లో పెడితే రీజియన్, అంటే ఆ డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో నిర్ణయించే విభాగం, సరిపోలేదని తెర మీద సందేశం వస్తుంది. డీవీడీల విషయంలో అమెరికా రీజియన్ 1, భారతదేశం రీజియన్ 5. బ్లూ-రేలకు వేరే విభజన ఉంది: అమెరికా ఏ, ఐరోపా బీ, భారతదేశం సీ. డిస్కు పెట్టె వెనుక చిన్న భూగోళం గుర్తులో అంకె గానీ, షడ్భుజిలో అక్షరం గానీ ముద్రించి ఉంటుంది. తెచ్చేవారిని కొనకముందే ఆ గుర్తు చూడమనండి. అన్ని రీజియన్లకూ పనిచేసే డిస్కు అయితే ఏ ఇబ్బందీ లేదు. కాకపోతే అన్ని రీజియన్లనూ ఆడించే ప్లేయర్ కొనాలి, లేదా అమెరికా నుంచి ప్లేయర్‌ను కూడా తెప్పించుకోవాలి.

ప్లేయర్ తెప్పించుకునేవారు దాని వెనుక ఉన్న చీటీని తప్పక చదవాలి. 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే ప్లగ్ మార్చుకుని నేరుగా వాడవచ్చు. 120 వోల్టులు మాత్రమే అని ఉంటే మన 230 వోల్టుల కరెంటుకు నేరుగా తగిలించకూడదు. వోల్టేజిని తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. ఇంట్లో డిస్కు పెట్టే ప్లేస్టేషన్ 4 లేదా 5 ఉంటే అదే బ్లూ-రే ప్లేయర్‌గా పనికివస్తుంది, అయితే రీజియన్ నియమం దానికీ వర్తిస్తుంది.

మూడో మెట్టు: డిస్కుల తనిఖీ

సెట్ చేతికి అందగానే, తిరిగి ఇచ్చే గడువు ముగియకముందే, ప్రతి డిస్కులోని ప్రతి ఎపిసోడ్‌నూ ఒకసారి ఫాస్ట్ ఫార్వర్డ్‌లో నడిపి చూడండి. ఆగిపోవడం, బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోవడం కనిపిస్తే ఆ ఎపిసోడ్ పేరు రాసి పెట్టుకోండి. ముందు డిస్కును మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు సూటిగా తుడిచి మళ్ళీ ప్రయత్నించాలి. గుండ్రంగా తుడిస్తే గీతలు డేటా వరస వెంటే పడతాయి కాబట్టి అలా చేయకూడదు. విశాఖ, కాకినాడ, నెల్లూరు వంటి తీరప్రాంతాల్లో ఉన్నవారు డిస్కులను గోడకు ఆనించిన చెక్క బీరువాలో కాకుండా గాలి తగిలే అరలో నిలువుగా పెట్టుకోవడం మంచిది. వానాకాలంలో అట్టపెట్టెలకు బూజు త్వరగా పడుతుంది.

నాలుగో మెట్టు: టీవీని ఈ సిరీస్‌కు సిద్ధం చేయడం

మామూలుగా కార్టూన్లకు వెనుక దృశ్యాలను తెల్ల కాగితం మీద గీస్తారు. రాడోమ్‌స్కీ ఈ సిరీస్‌కు నల్ల కాగితం ఎంచుకున్నారు. అంటే ఇక్కడ చీకటిని వేయలేదు, చీకటి ముందే ఉంది. వీధి దీపం, కిటికీ వెలుగు, ఎర్రని ఆకాశం మాత్రమే దాని మీద రంగుగా చేరాయి. పాత్రల దుస్తులు, కార్లు, భవనాలు 1930, 40ల నాటి ఆర్ట్ డెకో శైలిలో ఉండటంతో, ఈ మొత్తం రూపానికి వాళ్ళే ‘డార్క్ డెకో’ అని పేరు పెట్టుకున్నారు. ఇటువంటి బొమ్మకు నలుపు సరిగా కుదరడమే ప్రాణం. నలుపు తేలిపోయి బూడిదరంగుకు తిరిగితే గోతం మురికిగా కనిపిస్తుంది. అతిగా ముదిరితే భవనాల అంచులు మాయమైపోతాయి.

కాబట్టి ముందుగా టీవీ మెనూలో బొమ్మ రకాన్ని ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’కు మార్చండి. డైనమిక్ కాంట్రాస్ట్, కరెంటు పొదుపు సెట్టింగులను ఆపేయండి. ఇవి దృశ్యం మారినప్పుడల్లా వెలుగును తమ ఇష్టం వచ్చినట్టు పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. తరువాత ప్లేయర్‌లో హెచ్‌డీఎంఐ రంగుల పరిధి, టీవీలో బ్లాక్ లెవెల్ రెండూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. ప్లేయర్ ‘లిమిటెడ్’లో ఉంటే టీవీ కూడా అందుకు తగిన స్థాయిలోనే ఉండాలి. రెండూ పొసగకపోతే పైన చెప్పిన రెండు లోపాల్లో ఏదో ఒకటి తప్పదు.

సరిచూసుకోవడానికి వేరే పరీక్ష డిస్కు అక్కరలేదు, తొలి ఎపిసోడ్ల ముందు వచ్చే ఒక నిమిషం పరిచయ దృశ్యమే చాలు. ఎర్రని ఆకాశంలో పోలీసుల ఎయిర్‌షిప్‌లు దీపాలు వేస్తూ తిరుగుతాయి, బ్యాంకు పేలుతుంది, దొంగలు పారిపోతారు, మేడ మీద వాళ్ళకు బ్యాట్‌మన్ ఎదురవుతాడు, చివరకు మెరుపు వెలుగులో అతని రూపం స్పష్టమవుతుంది. ఈ మొత్తంలో సిరీస్ పేరు ఒక్కసారి కూడా తెర మీద పడదు. బొమ్మ మీద వాళ్ళకు అంత నమ్మకం ఉంది. ఆకాశం ఎరుపులోంచి భవనాల నల్లని అంచులు తెగినట్టు కనిపించాలి. మెరుపుకు ముందు మేడ మీద నిలబడ్డ ఆకారం నీడగానే ఉన్నా, చుట్టూ ఉన్న చీకటిలో కరిగిపోకూడదు. ఈ రెండూ కుదిరేదాకా బ్రైట్‌నెస్‌ను ఒక్కొక్క అంకె మార్చి చూడండి. రాత్రిపూట, గదిలో పెద్ద దీపం ఆర్పి, టీవీ వెనుక చిన్న దీపం మాత్రం ఉంచి ఈ పని చేయడం మేలు.

ఇక బొమ్మ ఆకారం. ఇది 4:3 నిష్పత్తిలో తీసిన సిరీస్. అందుచేత వెడల్పు టీవీలో రెండు పక్కలా నల్లని ఖాళీ వస్తుంది, రావాలి కూడా. ఆ ఖాళీని నింపడానికి సాగదీస్తే బ్రూస్ వేన్ (ముసుగు లేనప్పటి బ్యాట్‌మన్) దవడ ఇంకా వెడల్పై పోతుంది. జూమ్ చేస్తే తలలు, పాదాలు కోతపడతాయి. ఇంట్లో ఎవరైనా తెర చిన్నదైపోయిందని అన్నా, ఈ ఒక్క విషయంలో పట్టు విడవవద్దు.

అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది కదలికను నునుపు చేసే సౌకర్యం. ఎల్‌జీ టీవీల్లో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ అనే పేర్లతో ఇది ఉంటుంది. ఫిల్మ్‌లో సెకనుకు 24 ఫ్రేములు. యానిమేషన్‌లో చాలాచోట్ల ఒకే బొమ్మను రెండు ఫ్రేములకు వాడతారు. టీవీ ఒక బొమ్మకూ తరువాతి బొమ్మకూ మధ్య లేని బొమ్మలను తానే ఊహించి చేర్చడంతో, ఎగిరే కేప్ అంచు పాకం తీగలా సాగుతుంది, చేతుల చుట్టూ మసక వలయాలు ఏర్పడతాయి. యానిమేటర్ లెక్కించి పెట్టిన ఊపంతా పోతుంది. దీన్ని పూర్తిగా ఆపేయాలి. షార్ప్‌నెస్‌ను బాగా తగ్గించండి, నాయిస్ రిడక్షన్ కూడా ఆపండి. అప్పుడు ఫిల్మ్ గరుకుతనంతో పాటు అక్కడక్కడ సెల్ (బొమ్మ గీసే పారదర్శక రేకు) మీద పడిన ధూళి రేణువులు కనిపిస్తాయి. అవి డిస్కు లోపాలు కావు, కెమెరా ముందు నిజమైన వస్తువు ఉండేదనడానికి ఆనవాళ్ళు.

ధ్వనికి పెద్ద ఏర్పాటు అవసరం లేదు, కానీ టీవీ సొంత స్పీకర్ల కంటే రెండు మామూలు స్పీకర్లు ఎంతో నయం. పరిచయ సంగీతం డానీ ఎల్ఫ్‌మన్‌ది. ఎపిసోడ్ల సంగీతానికి నాయకత్వం వహించిన షిర్లీ వాకర్, తన బృందంతో కలిసి ఎపిసోడ్‌కు ఎపిసోడ్‌గా కొత్త సంగీతం రాసి నిజమైన ఆర్కెస్ట్రాతో వాయింపించారు. పిల్లల టీవీ కార్యక్రమానికి అంత శ్రమ అరుదు. కృత్రిమ సరౌండ్ ప్రభావాలన్నీ ఆపి వినండి.

ఐదో మెట్టు: వరస

డిస్కుల్లో ఎపిసోడ్లు దాదాపు తయారైన వరసలో ఉంటాయి. మీరూ అదే వరసలో చూడండి. ప్రసారం మాత్రం ఇష్టం వచ్చినట్టు జరిగింది. 1992 వేసవిలో క్యాట్‌ఉమన్ ఉన్న బ్యాట్‌మన్ సినిమా థియేటర్లలో నడిచింది. అదే సెప్టెంబర్‌లో, ముందు తయారైన ‘ఆన్ లెదర్ వింగ్స్’ను పక్కనపెట్టి క్యాట్‌ఉమన్ ఎపిసోడ్‌ను తొలిగా ప్రసారం చేశారు. వరస తప్పితే నష్టపోయే ఎపిసోడ్లు తక్కువే, కానీ ఒకటి గట్టిగా నష్టపోతుంది. ‘ప్రెటీ పాయిజన్’లో, తరువాత టూ-ఫేస్ అనే విలన్‌గా మారే హార్వే డెంట్ బ్రూస్‌కు ప్రాణస్నేహితుడిగా కనిపిస్తాడు. ఆ స్నేహాన్ని ముందు చూసినవారికే ‘టూ-ఫేస్’ రెండు భాగాల్లో అతని పతనం గుండెకు తగులుతుంది.

రోజుకు రెండు ఎపిసోడ్లు చాలు. ప్రతిదీ విడిగా నిలబడే చిన్న సినిమాగా తయారైంది, ప్రతిదానికీ సొంతంగా చిత్రించిన పేరు పలక ఉంది. వరసగా ఐదారు చూస్తే ఒకదాని రుచి ఇంకొకదానిలో కలిసిపోతుంది. రెండు భాగాల కథలను మాత్రం ఒకే రాత్రి పూర్తిచేయండి. మొదటి విడత 65 ఎపిసోడ్లు అయ్యాక ఆగి, 1993 డిసెంబర్ 25న థియేటర్లలో విడుదలైన ‘మాస్క్ ఆఫ్ ది ఫాంటాజమ్’ చూసి, ఆ తరువాత మిగిలిన 20 ఎపిసోడ్లకు వెళ్ళండి.

ఆరో మెట్టు: ఎక్కడ ఆగి చూడాలి

కొన్ని ఎపిసోడ్లలో గీత అద్భుతంగా ఉండి, మరికొన్నింటిలో ముఖాలు తేడాగా ఉండటం గమనిస్తారు. కారణం డిస్కు కాదు. కథ, రూపకల్పన, స్టోరీబోర్డు అమెరికాలో జరిగినా, గీసే పని ఎక్కువగా జపాన్, కొరియా స్టూడియోలకు వెళ్ళింది. జపాన్‌లో టీఎంఎస్, స్పెక్ట్రమ్, సన్‌రైజ్. కొరియాలో డాంగ్ యాంగ్, ఏకామ్ వంటివి ఈ పని చేశాయి. ఎపిసోడ్ చివర పేర్లు పడేటప్పుడు స్టూడియో పేరు చదివే అలవాటు చేసుకోండి. కొద్ది రోజుల్లోనే పేరు చూడకుండా గీతను బట్టి పోల్చుకోగలుగుతారు.

ఈ తేడా తెలియడానికి ‘ఫీట్ ఆఫ్ క్లే’ రెండు భాగాలకు మించిన పాఠం లేదు. మొదటి భాగం ఏకామ్‌ది, రెండోది టీఎంఎస్‌ది. ముఖం పాడైన నటుడు మ్యాట్ హేగెన్ మట్టి మనిషిగా మారే కథ ఇది. రెండో భాగం చివర, అతడు పోషించిన పాత్రలన్నీ చుట్టూ ఉన్న తెరల మీద ఒక్కసారిగా కనిపించేట్టు బ్యాట్‌మన్ చేస్తాడు. ఆ బొమ్మలను చూస్తూ హేగెన్ శరీరం తన అదుపు తప్పి ఒక రూపంలోంచి ఇంకో రూపంలోకి కరుగుతూ పోతుంది. ఈ దృశ్యాన్ని మొదట మామూలు వేగంతో, తరువాత రిమోట్‌లో ఫ్రేము ఫ్రేముగా చూడండి. ఒక ముఖం పూర్తికాకముందే మరో ముఖం దానిలోంచి ఎలా పుడుతుందో, మట్టి బరువును గీత ఎలా మోస్తుందో అప్పుడే తెలుస్తుంది. కంప్యూటర్ సాయం లేకుండా ఇదంతా చేత్తో గీశారని గుర్తుంచుకుంటే నోట మాట రాదు.

‘హార్ట్ ఆఫ్ ఐస్’ రచనకు పాల్ డీనీకి డే టైమ్ ఎమ్మీ అనే టీవీ పురస్కారం వచ్చింది. దర్శకుడు బ్రూస్ టిమ్. అప్పటిదాకా చిల్లర విలన్‌గా ఉన్న మిస్టర్ ఫ్రీజ్‌కు భార్యను పోగొట్టుకున్న దుఃఖాన్ని ఇచ్చి, అతణ్ణి కొత్త మనిషిని చేసింది ఈ ఎపిసోడే. ‘రాబిన్స్ రెకనింగ్’ మొదటి భాగానికి ప్రైమ్ టైమ్ ఎమ్మీ దక్కింది. సర్కస్‌లో, బ్యాట్‌మన్ సహచరుడైన రాబిన్ తల్లిదండ్రులు పడిపోవడాన్ని నేరుగా చూపించకుండా, తెగిన తాడు ఖాళీగా తిరిగి ఊగుతూ రావడం మాత్రమే చూపించారు. పిల్లల కార్యక్రమానికి ఉన్న పరిమితి అక్కడ కళకు బలమైంది. నా దృష్టిలో మొత్తం సిరీస్‌లో ఇంతకు మించిన షాట్ లేదు.

‘బివేర్ ది గ్రే గోస్ట్’ను ఈ మార్గదర్శి చదివేవారు ప్రత్యేకంగా చూడాలి. బ్రూస్ తన తండ్రితో కలిసి చిన్నప్పుడు చూసిన ఒక పాత టీవీ సిరీస్, దాని కథానాయకుడిగా వేసి మరుగునపడిన నటుడు, ఆ సిరీస్ చివరకు ఇంటి వీడియోగా మళ్ళీ జనంలోకి రావడం ఇందులోని కథ. ఆ నటుడికి గొంతు ఇచ్చింది 1966 నాటి టీవీ బ్యాట్‌మన్ ఆడమ్ వెస్ట్. 2017లో కన్నుమూసిన ఆ నటుడికి తరువాతి తరం ఇంత గౌరవంగా నమస్కరించడం, ఆయన బతికి ఉండగానే జరగడం ఎంతో తృప్తినిస్తుంది.

బ్యాట్‌మన్‌కు గొంతు ఇచ్చిన కెవిన్ కాన్‌రాయ్ కోసం ‘పర్చాన్స్ టు డ్రీమ్’ ఎంచుకోండి. బ్రూస్‌కు ఒక స్వరం, బ్యాట్‌మన్‌కు ఇంకో స్వరం అనే పద్ధతిని ఆయన సిరీస్ అంతటా పాటించారు. ఈ ఒక్క ఎపిసోడ్‌లో తండ్రి థామస్ వేన్ గొంతు కూడా ఆయనదే. ఆయన 2022 నవంబర్ 10న మరణించారు.

ఏడో మెట్టు: పిల్లలతో చూడటం

ఏడెనిమిదేళ్ళు నిండిన పిల్లలకు ఇది తగిన సిరీస్ అని నా అభిప్రాయం. ఆ వయసు కంటే చిన్నవారికి వద్దు. పెద్దలు వరసగా చూడాలి గానీ పిల్లలకు ఆ వరస పనికిరాదు. మొదటి ఎపిసోడ్‌లోనే మనిషి గబ్బిలంగా మారే దృశ్యం వాళ్ళను భయపెట్టవచ్చు. ‘ఐ హ్యావ్ గాట్ బ్యాట్‌మన్ ఇన్ మై బేస్‌మెంట్’తో మొదలుపెట్టండి. పెద్దలకు సాధారణంగా అనిపించే ఎపిసోడే, కానీ స్పృహ తప్పిన బ్యాట్‌మన్‌ను పిల్లలే తమ ఇంటి కింద గదిలో దాచడం పిల్లలకు ఎంతో నచ్చుతుంది. కొందరు విలన్లు పరిచయమయ్యాక ‘ఆల్మోస్ట్ గాట్ ఇమ్’ పెట్టండి: విలన్లంతా పేకాట బల్ల చుట్టూ కూర్చుని, బ్యాట్‌మన్‌ను ఎవరు ఎంతవరకు పట్టుకోగలిగారో గొప్పలు చెప్పుకుంటారు.

‘పర్చాన్స్ టు డ్రీమ్’లో కల నుంచి మేలుకోవడానికి బ్రూస్ ఎత్తైన గోపురం మీద నుంచి దూకుతాడు. చిన్నపిల్లలకు ఇది చూపించవద్దు. పెద్ద పిల్లలకు చూపించినా పక్కనే ఉండి మాట్లాడండి. ఇంగ్లీషు వేగంగా అందని పిల్లలకు సబ్‌టైటిల్స్ పెట్టి, పేరు పలక వచ్చినప్పుడు ఆపి, కథ ఎవరి గురించో రెండు ముక్కలు తెలుగులో చెబితే చాలు. ప్రతి మాటనూ తెలుగులోకి మార్చి చెబుతూ పోతే వాళ్ళు బొమ్మ చూడటం మానేస్తారు. విదేశాల్లో పెరిగే పిల్లల ఇళ్ళలో దీనికి తిరగేసి జరుగుతుంది: పక్కన కూర్చున్న తాతయ్యకు, అమ్మమ్మకు కథ వివరించే పని మనవలకే అప్పగించండి, వాళ్ళ తెలుగు కూడా మెరుగవుతుంది.

ఎనిమిదో మెట్టు: అంతా అయ్యాక

85 పూర్తయ్యాక వ్యాఖ్యానాలకు రండి, ముందు కాదు. ‘ఆన్ లెదర్ వింగ్స్’, ‘హార్ట్ ఆఫ్ ఐస్’, ‘రాబిన్స్ రెకనింగ్’ మొదటి భాగం, ‘ఆల్మోస్ట్ గాట్ ఇమ్’ ఎపిసోడ్లకు రూపకర్తల వ్యాఖ్యానం ఉంది. బ్లూ-రే సెట్‌లోని ‘ది హార్ట్ ఆఫ్ బ్యాట్‌మన్’ అనే డాక్యుమెంటరీ సిరీస్ పుట్టుకను వివరంగా చెబుతుంది, దానికి ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించండి.

ఆ పైన ‘ది న్యూ బ్యాట్‌మన్ అడ్వెంచర్స్’ 24 ఎపిసోడ్లు మిగులుతాయి. ఇందులో గీతలు తగ్గి, ముఖాలు కోసుగా మారాయి. ఎర్రని ఆకాశం కింద నల్ల కాగితం మీద నిలిచిన ఆ పాత సాంద్రత కొంత పోయిందనే నేను అంటాను. పైగా ఇక్కడ రాబిన్ పాతవాడు కాదు, టిమ్ డ్రేక్ అనే కొత్త పిల్లవాడు. పాత రాబిన్ డిక్ గ్రేసన్ ఇప్పుడు నైట్‌వింగ్ అనే వేరే పేరుతో ఉంటాడు. తొలి ఎపిసోడ్‌తోనే మొదలుపెడితే పిల్లలు ఈ కుర్రాడు ఎవరని అడుగుతారు. అందుకని ఈ ఒక్కచోట డిస్కు వరసను పక్కనపెట్టి, టిమ్ ఎలా వచ్చాడో చెప్పే ‘సిన్స్ ఆఫ్ ది ఫాదర్’ ముందు చూసి, డిక్ ఎందుకు విడిపోయాడో చెప్పే ‘ఓల్డ్ వూండ్స్’ వెంటనే చూసి, ఆ తరువాతే మిగిలినవి మొదటి నుంచి పెట్టండి.